జాడీ మూత తీసి చూశారా?

(కమ్యూనిటీ రేడియో ఆదివారం తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆదివారం పొద్దున్న ఇడ్లీలు వేసుకుంటూనో, పిల్లల్ని కూచిపూడి క్లాసులో దింపడానికి కారులో వెళ్తూనో మీరంతా ఈ కార్యక్రమం వింటూ ఉంటారు. సెలవు రోజున కూడా కంప్యూటర్ల గోలేనా అని రేడియో కట్టెయ్యకండి. నేను ఇవాళ చెప్పబోయేది కంప్యూటర్ల గురించి కాదు. అవి చెడిపోయినప్పుడు ఆఫీసుల వాళ్ళు ఎవరికి ఫోను చేస్తారో, ఆ మనిషి గురించి. అంటే నా గురించే అనుకోండి.

మన వాళ్ళ ఇంట్లో ఏదో పుట్టినరోజు పార్టీకి వెళ్తాం. కాగితం పళ్ళెంలో పులిహోర, రెండు గారెలు పెట్టుకుని ఓ మూల నిలబడతాం. పక్కాయన వచ్చి పలకరిస్తాడు. మొదటి ప్రశ్న, "మీదే ఊరండీ?" రెండో ప్రశ్న, "ఏ టెక్నాలజీ?" నేను "సపోర్టండీ" అంటాను. "ఓహో, సపోర్టా..." అంటాడు. ఆ దీర్ఘంలోనే నా బయోడేటా అంతా అయిపోతుంది. తరవాత ఆయన చూపు నా భుజం మీదుగా ఇంకెవరో ఆర్కిటెక్టు వైపు వెళ్ళిపోతుంది. పోనీ అంతటితో వదిలేస్తాడా అంటే అదీ లేదు. భోజనాలయ్యాక చెయ్యి కడుక్కుని మళ్ళీ వస్తాడు. "ఏమండీ, మా ఇంట్లో ప్రింటరు రెండు వారాలుగా పనిచెయ్యడం లేదు, ఒకసారి చూస్తారా?"

చూస్తాను. ఇరవయ్యేళ్ళ పైబడి చూస్తూనే ఉన్నాను.

నేను 1998లో ఈ దేశం వచ్చాను. అప్పట్లో రెండు వేల సంవత్సరం సమస్య అని పెద్ద హడావుడి. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర మూడు నెలలు కోబాల్ నేర్చుకున్నవాళ్ళకి కూడా అమెరికా తలుపులు తెరుచుకున్న రోజులవి. 2000 వచ్చింది, వెళ్ళింది, ప్రపంచం మునిగిపోలేదు. 2001లో మా ఉద్యోగాలు మాత్రం మునిగాయి. చేతిలో హెచ్-1 వీసా, ఇంట్లో ఏడాది పిల్ల. అప్పుడు న్యూజెర్సీలో పదిమంది ఉన్న ఒక చిన్న కంపెనీ యజమాని, "మా దగ్గర నెట్‌వర్కు పని ఉంది, వీసా కాగితాలు నేను వేస్తాను, వస్తావా?" అన్నాడు. ఆరు నెలలు చేసి మళ్ళీ ప్రోగ్రామింగుకి వెళ్ళిపోదాం అనుకుని చేరాను. ఆ ఆరు నెలలు ఇంకా అవలేదు.

ఇంతకీ మా పని ఏమిటంటే, మా చుట్టుపక్కల చిన్న చిన్న వ్యాపారాలు బోలెడు ఉన్నాయి. పళ్ళ డాక్టర్లు, లాయర్లు, ఇన్‌కంటాక్సు లెక్కలు చూసేవాళ్ళు, గిడ్డంగులు, మోటళ్ళు. ఆఫీసులో పదిమందో ఇరవైమందో ఉంటారు. వాళ్ళు కంప్యూటర్ల కోసం ప్రత్యేకంగా ఓ మనిషిని పెట్టుకోలేరు. అలాగని కంప్యూటరు లేకుండా ఒక గంట కూడా గడవదు. అందుకని మాలాంటి కంపెనీకి నెలకి తలకి ఇంత అని కట్టి, మొత్తం భారం మా మీద పడేస్తారు. పల్లెటూళ్ళో ఒకే డాక్టరు నాలుగూళ్ళు చూసుకోడం లేదూ, అలాగన్నమాట. పొద్దున్న పళ్ళ డాక్టరు దగ్గర ఎక్స్‌రే ఫోటోలు రావడం లేదంటారు. మధ్యాహ్నం లాయరు గారి ఈ-మెయిలు వెళ్ళడం లేదంటారు. రాత్రి పదకొండింటికి మోటలు కౌంటరు దగ్గర క్రెడిట్ కార్డు మిషను పలకదు, ఎదురుగా పెట్టెలు పట్టుకుని నలుగురు అతిథులు నిలబడి ఉంటారు.

ఫోను వచ్చిన ప్రతిదానికీ ఒక నంబరు ఇస్తాం. దాన్ని టికెట్టు అంటాం. ఒక్కడి కంప్యూటరు నెమ్మదించిందా, ఆఫీసంతా ఆగిపోయిందా అన్నదాన్ని బట్టి వరస పెడతాం. ఒప్పందంలో "గంటలో స్పందిస్తాం" అని ఉంటుంది. చాలామంది దాన్ని "గంటలో బాగుచేస్తాం" అని చదువుకుంటారు. మా తగాదాల్లో సగం అక్కడే పుడతాయి. మీలో ఎవరైనా వ్యాపారం చేస్తూ ఇలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టబోతుంటే, ఆ రెండు మాటలకీ తేడా అడిగి తెలుసుకోండి.

ఇంకో తేడా కూడా ఉంది. మా వృత్తిలో దాన్ని ఇన్సిడెంటు, ప్రాబ్లం అని విడదీస్తారు. ఒక ఆఫీసులో ప్రతి సోమవారం పొద్దున్న ప్రింటరు పనిచేసేది కాదు. ఫోను చేసేవాళ్ళు, మా కుర్రాడు వెళ్ళి బాగుచేసి వచ్చేవాడు. అలా ఎనిమిది సోమవారాలు. ఎనిమిది టికెట్లూ సకాలంలో మూసేశాం, రిపోర్టులో నూటికి నూరు మార్కులు. తొమ్మిదో వారం నేను కూర్చుని ఆలోచించాను. సోమవారమే ఎందుకు? తీరా చూస్తే, శుక్రవారం సాయంత్రం వెళ్ళేటప్పుడు ఆఫీసులో ఒకావిడ పొదుపు కోసం ప్రింటరు స్విచ్చి తీసేసి వెళ్తోంది. సోమవారం వెలిగించేసరికి రౌటరు దానికి కొత్త చిరునామా ఇస్తోంది. కంప్యూటర్లన్నీ పాత చిరునామాకి ఉత్తరాలు వేస్తున్నాయి. ప్రింటరుకి ఎప్పుడూ ఒకే చిరునామా ఇమ్మని రౌటరులో ఒక్క మాట రాశాను. మళ్ళీ ఫోను రాలేదు. జ్వరం వచ్చినప్పుడల్లా మాత్ర ఇవ్వడం ఒకటి, జ్వరం ఎందుకు వస్తోందో చూడడం ఒకటి.

"మీరు ఎప్పుడూ రీస్టార్ట్ చెయ్యమంటారేమండీ, వేరే మంత్రం రాదా?" అని నన్ను ఆటపట్టిస్తుంటారు. నిజమే, అదే మంత్రం. కంప్యూటరు రోజుల తరబడి నడుస్తుంటే ప్రోగ్రాములు వాడుకున్న జ్ఞాపకశక్తిని తిరిగి ఇవ్వవు, కొన్ని ఎక్కడో చిక్కుకుని ఉండిపోతాయి. రీస్టార్ట్ చేస్తే అన్నీ మొదటి నుంచి శుభ్రంగా మొదలవుతాయి. కానీ ఒక చిన్న రహస్యం చెప్తాను, ఈ కార్యక్రమం విన్నందుకు మీకు అదైనా మిగులుతుంది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, చాలా కంప్యూటర్లలో "షట్ డౌన్" నొక్కితే యంత్రం పూర్తిగా నిద్రపోదు. త్వరగా లేవడానికి వీలుగా విండోస్ గుండెకాయని అలాగే డిస్కు మీద దాచుకుని పడుకుంటుంది. పొద్దున్న లేచాక నిన్నటి రోగంతోనే లేస్తుంది. "రీస్టార్ట్" నొక్కితేనే అంతా కొత్తగా మొదలవుతుంది. "రోజూ ఆపుతూనే ఉన్నానండీ" అని మీరు, "రీస్టార్ట్ చేశారా" అని మేము వాదించుకోడానికి కారణం అదీ. ఇద్దరం నిజమే చెప్తుంటాం.

ఈ పనిలో సగం చెవితో చేసేదే. "ఇంటర్నెట్టు పోయింది" అని ఫోను వస్తుంది. నిజంగా ఇంటర్నెట్టు పోయి ఉండచ్చు. తెర మీద ఉండే చిన్న బొమ్మ ఒకటి పొరపాటున చెరిగిపోయి ఉండచ్చు. లేదా ఊడ్చేటప్పుడు తీగ ఊడి ఉండచ్చు. అవతలి మనిషి కంగారులో ఉంటాడు, పైగా తన తప్పేమోనని లోపల సిగ్గు. మొదట్లో నేను గబగబా ప్రశ్నలు వేసేవాణ్ణి. నా ఇంగ్లీషు వాళ్ళకి అర్థమయ్యేది కాదు, వాళ్ళ కంగారు నాకు అర్థమయ్యేది కాదు. తరవాత తెలిసింది, "తెర మీద ఏముందో ఉన్నదున్నట్టు నాకు చదివి వినిపించండి" అని నెమ్మదిగా అడిగితే చాలు. చదువుతూ చదువుతూ సగం మంది వాళ్ళే కనుక్కుంటారు. అప్పుడు "నేనేం చెయ్యలేదండీ, మీరే బాగుచేసుకున్నారు" అనాలి. ఆ మాటకి ఖర్చేమీ లేదు.

సరే, ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉంది. ఇవాళ మీ ముందుకి నేను వచ్చింది మాత్రం ఇంకో సంగతి చెప్పడానికి. పదేళ్ళు దాటింది కాబట్టి ఇప్పుడు చెప్పగలుగుతున్నాను.

2014 మార్చి 31, సోమవారం. ఆ రోజు ఉగాది. జయ నామ సంవత్సరం. మా ఆవిడ వేపపువ్వు దొరక్క మూడు దుకాణాలు తిరిగి, చివరికి స్నేహితురాలు ఇండియా నుంచి తెచ్చుకున్న ఎండు పువ్వు ఓ పొట్లం సంపాదించింది. పొద్దున్న స్నానం చేసి వచ్చి కూర్చోబోతుంటే ఫోను మోగింది. ఇన్‌కంటాక్సు లెక్కలు చూసే ఒక ఆఫీసు. తొమ్మిది మంది ఉంటారు. "సర్వరు పలకడం లేదు" అన్నారు. ఏప్రిల్ 15కి దాదాపు రెండు వారాలుంది. ఈ దేశంలో పన్నుల గుమాస్తాలకి ఆ రెండు వారాలు ఎలాంటివో, పెళ్ళివారింట్లో ముహూర్తం ముందు రోజు ఎలా ఉంటుందో ఊహించుకోండి. "పచ్చడి తిని వెళ్ళండి" అంది మా ఆవిడ. "గంటలో వచ్చేస్తాను" అన్నాను.

సర్వరు ఒక చిన్న గదిలో ఉండేది. చలికాలం కావడంతో దాని ముందు అందరి కోట్లూ వేలాడుతున్నాయి. కోట్లు జరిపి చూస్తే మూడు డిస్కుల్లో రెండిటి మీద పసుపు దీపాలు వెలుగుతున్నాయి. మూడు డిస్కుల్ని రెయిడ్ 5 అనే పద్ధతిలో జతచేస్తే, ఒకటి పోయినా మిగతా రెండూ నెట్టుకొస్తాయి. రెండు పోతే ఇక లేదు. మొదటిది ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. అది పోగానే హెచ్చరిక ఈ-మెయిలు వెళ్ళింది, నిజమే. అయితే ఆ మెయిలు మా కంపెనీలో ఉద్యోగం మానేసి వెళ్ళిపోయినవాడి పెట్టెలోకి వెళ్ళింది. మూడూ ఒకే రోజు కొన్న డిస్కులు, ఒకే బ్యాచివి. కవల పిల్లల్లాగా వెంట వెంటనే పోయాయి.

అయినా నేను భయపడలేదు. బ్యాకప్ ఉంది కదా! ప్రతి రాత్రీ బ్యాకప్ అయినట్టు నాకు రిపోర్టు వస్తోంది. పచ్చటి టిక్కు గుర్తు. నెలల తరబడి ఒక్క రోజు కూడా ఎర్ర గుర్తు లేదు. "సాయంత్రానికి అంతా తెచ్చి పెడతాను" అని యజమానితో చెప్పి, బ్యాకప్ తెరిచాను.

అందులో చివరి తారీఖు 2013 ఆగస్టు.

రెండు మూడు సార్లు చూశాను. కళ్ళజోడు తుడుచుకుని చూశాను. తరవాత అదే గదిలో, కోట్ల మధ్య, నేల మీద కూర్చుండిపోయాను. గుర్తొచ్చింది. ఆగస్టులో జాగా సరిపోవడం లేదంటే, ఈ మూడు కొత్త డిస్కుల్నీ వేసింది నేనే. పన్నుల ప్రోగ్రాం డేటా అంతా పాత చోటి నుంచి కొత్త చోటికి మార్చింది నేనే. "ఎందుకైనా మంచిది" అని పాత ఫోల్డరుని తీసెయ్యకుండా అలాగే ఉంచింది కూడా నేనే. బ్యాకప్‌కి మాత్రం ఇల్లు మారామని చెప్పలేదు. అది ప్రతి రాత్రీ శ్రద్ధగా ఖాళీ చేసిన ఇంటికి వెళ్ళి, కాపలా కాసి, "అంతా క్షేమం" అని నాకు ఉత్తరం రాస్తోంది. పాత ఫోల్డరు తీసేసి ఉంటే మర్నాడే ఎర్ర గుర్తు వచ్చేది. జాగ్రత్త కోసం ఉంచిందే కొంప ముంచింది.

మా యజమానికి ఫోను చేశాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, "డిస్కులు రెండూ ఒకేసారి పోయాయని చెప్పు. అది అబద్ధం కాదు కదా" అన్నాడు. నిజమే, అబద్ధం కాదు. ఆ మాట చెప్తే ఎవరూ మా తప్పు పట్టలేరు కూడా. ఆ రోజుల్లో నా గ్రీన్ కార్డు చేతికొచ్చి కొద్ది నెలలే అయింది. ఉద్యోగం పోతుందేమో, కోర్టుకి లాగుతారేమో, ఇల్లు కొని రెండేళ్ళు కాలేదు, అన్నీ తలలో తిరిగాయి. నేను ధైర్యవంతుణ్ణి అని చెప్పుకోడానికి ఇది చెప్పడం లేదు. ఆ గదిలో పావుగంట కూర్చున్నాను. అప్పుడు బయట నుంచి ఆ ఆఫీసులో పనిచేసే పెద్దావిడ గొంతు వినిపించింది. జనవరి నుంచి ఒక్క శనివారం కూడా ఇంటి పట్టున లేనని, అయినా ఇక రెండు వారాలే కదా అని ఎవరితోనో ఫోనులో చెప్తోంది. ఆవిడ రెండు వేళ్ళతో టైపు చేసేది. ఆ రెండు వేళ్ళతో మూడు నెలలు చేసిన పని నా వల్ల పోయిందని ఆవిడకి ఇంకా తెలియదు.

లేచి వెళ్ళి యజమానికి చెప్పాను. "డిస్కులు పోయాయి. అది ఎవరి చేతిలోనూ లేదు. కానీ బ్యాకప్ లేకపోవడం మాత్రం నా తప్పు. డేటా మార్చినప్పుడు బ్యాకప్ మార్చలేదు. ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు" అన్నాను. ఆయనకి డెబ్బై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. "నీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగాడు. "అరగంట అయింది" అన్నాను. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండును అనిపించింది. ఆ పెద్దావిడ మాత్రం నా ఎదురుగానే ఏడ్చింది. ఆ తరవాత వేసవి దాకా నాతో మాట్లాడలేదు. నేను తప్పు పట్టను.

తరవాతి రెండు వారాలూ నేను అక్కడే ఉన్నాను. డిస్కుల్ని డేటా వెలికితీసే ప్రయోగశాలకి పంపాం. వేల డాలర్ల ఖర్చు, మా కంపెనీ పెట్టుకుంది. పది రోజుల తరవాత విడి ఫైళ్ళు చాలావరకూ వచ్చాయి గానీ, అసలైన ఆ ఏడాది డేటాబేసు ముక్కలుగా వచ్చింది, పనికి రాలేదు. అప్పటికే ఐ.ఆర్.ఎస్.కి పంపేసిన రిటర్నుల కాగితం నకళ్ళు బీరువాల్లో ఉన్నాయి కాబట్టి వాటికి ముప్పు తప్పింది. సగంలో ఉన్నవి దాదాపు మూడు వందలు. వాటినన్నిటినీ మళ్ళీ మొదటి నుంచి ఎక్కించారు. నాకు పన్నుల లెక్కలు రావు. అందుకని ఎవరి కాగితాలు వాళ్ళ కవరులో సర్ది, వరసగా వాళ్ళ బల్లల మీదకి మోసే పని చేశాను. కాఫీ కలిపాను. పిజ్జాలు తెచ్చాను. ఎటూ కానివాళ్ళకి ఫారం 4868 వేసి అక్టోబరు 15 దాకా గడువు తీసుకున్నారు. మీరూ గుర్తుపెట్టుకోండి, ఆ గడువు కాగితాలు దాఖలు చెయ్యడానికే. కట్టాల్సిన డబ్బు మాత్రం ఏప్రిల్‌లోనే అంచనా వేసి కట్టెయ్యాలి. ఆ ఫారం గురించి నాకు తెలిసింది అలాగన్నమాట!

ఆ ఉగాది రోజు రాత్రి ఒంటిగంటకి ఇంటికి చేరాను. బల్ల మీద గిన్నెలో పచ్చడి, పైన పళ్ళెం మూతపెట్టి ఉంది. ఆరు రుచులు అంటారు. నాకు ఆ రోజు ఒకటే తెలిసింది, ఏదో మీకు చెప్పక్కర్లేదు. ఇండియాలో అప్పుడు పొద్దున్న పదిన్నర. తెనాలి దగ్గర మా ఊళ్ళో అమ్మకి ఫోను చేశాను. "పండగ పూట ఫోను చెయ్యలేదేంరా?" అంది. చెప్పాను. ఆవిడకి కంప్యూటరు అంటే టీవీకి చిన్న తమ్ముడు. అయినా అంతా విని ఒకటే ప్రశ్న వేసింది.

"అయితే జాడీకి గుడ్డ కట్టి ఉంది కదా అని ఊరుకున్నావా? మూత తీసి చూళ్ళేదా?"

వినే వాళ్ళలో ఆడవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆవకాయ కలిపి జాడీలో పెట్టి, వాసెన కట్టి, అటక మీద పెట్టేసి ఊరుకోరు. మూడో రోజు మూత తీస్తారు. అడుగు నుంచి పైకి తిరగ కలుపుతారు. నాలిక మీద వేసుకుని ఉప్పు చూస్తారు. నూనె పైకి తేలిందో లేదో చూస్తారు. చూడకపోతే, బయటికి జాడీ జాడీలాగే ఉంటుంది, గుడ్డ గుడ్డలాగే ఉంటుంది. ఆర్నెల్ల తరవాత చుట్టాలొచ్చిన రోజు తీస్తే బూజు. మా అమ్మ ఎనిమిదో తరగతి చదివింది. ఇరవై సర్టిఫికెట్లున్న నాకు తట్టనిది ఆవిడకి ఒక్క నిమిషంలో తట్టింది.

పచ్చటి టిక్కు గుర్తు అంటే జాడీకి గుడ్డ కట్టి ఉందని మాత్రమే. లోపలి ఆవకాయ సంగతి అది చెప్పదు.

ఇది నాలాంటి చిన్నవాళ్ళకే జరుగుతుంది అనుకోకండి. 1998లో పిక్సార్ వాళ్ళు టాయ్ స్టోరీ 2 సినిమా తీస్తుండగా, ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక ఆజ్ఞతో సినిమా ఫైళ్ళు చాలావరకూ చెరిగిపోయాయి. బ్యాకప్ తీసి చూస్తే అది సరిగ్గా పనిచెయ్యడం లేదు. ఆ సినిమాకి పనిచేసే గేలిన్ సుస్మన్ అనే ఆవిడ, పసిబిడ్డ ఉండడంతో ఇంటి నుంచి పనిచేసుకోడానికి ఒక నకలు ఇంట్లో పెట్టుకుంది కాబట్టి గట్టెక్కారు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పెద్ద సంస్థలో అలసిపోయి ఉన్న ఒక ఇంజనీరు తప్పు సర్వరు మీద డేటా చెరిపేశాడు. వాళ్ళకి రకరకాల బ్యాకప్ ఏర్పాట్లున్నాయి. అవసరానికి ఒక్కటీ సరిగ్గా అక్కరకి రాలేదు. అదృష్టవశాత్తూ ఎవరో ఆరు గంటల ముందు తీసుకున్న నకలు ఒకటి ఉంటే, దానితో బయటపడ్డారు. ఆ సంస్థ గొప్పతనం ఏమిటంటే, జరిగిందంతా దాచకుండా లోకానికి చెప్పింది.

మరి మా ఆఫీసు సంగతి ఏమైంది అంటారా? ఆ యజమాని ఆ ఏడాది శీతాకాలంలో వేరే రెండు కంపెనీల్ని పిలిచి మాట్లాడాడు. నాకు చెప్పే పిలిచాడు. చివరికి మా దగ్గరే ఉండిపోయాడు. ఎందుకని ఒకసారి అడిగాను. "వాళ్ళిద్దరూ మా దగ్గర ఇలాంటివి జరగవు అన్నారు. నాకు ఆ మాటకే భయం వేసింది" అన్నాడు.

అప్పటి నుంచీ మాకొక పద్ధతి ఉంది. ప్రతి నెలా మొదటి శుక్రవారం, ప్రతి ఆఫీసులోనూ, ఏదో ఒక ఫైలు పేరు చెప్పమంటాం. పేరు వాళ్ళే చెప్పాలి, మేం కాదు. ఆ ఫైలుని బ్యాకప్ లోంచి తెచ్చి, వాళ్ళ ఎదురుగా తెరిచి చూపిస్తాం. పది నిమిషాల పని. మా కుర్రాళ్ళు దానికి పెట్టిన పేరు "ఉప్పు చూడడం". మా ఆఫీసులో అమెరికా పిల్లాడు ఒకడున్నాడు, వాడు కూడా "ఉప్పు, ఉప్పు" అంటాడు. ఎందుకంటారో వాడికి తెలుసు.

ఈ మధ్య మా వృత్తికి రోజులు మారాయి. పాస్‌వర్డు మర్చిపోతే మార్చివ్వడం లాంటి పనులు యంత్రాలే చేస్తున్నాయి, ఫోనెత్తి మాట్లాడే యంత్రాలు కూడా వచ్చాయి. మంచిదే. కానీ 2024 జులై 19, శుక్రవారం గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన తప్పు ఫైలు ఒకటి, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాల్ని నీలి తెర మీద నిలబెట్టేసింది. విమానాలు ఆగాయి, ఆసుపత్రులు ఆగాయి. ఆ యంత్రాల్లో చాలావాటిని దూరం నుంచి బాగుచెయ్యడం కుదరలేదు. ఒక మనిషి ఒక్కొక్క యంత్రం దగ్గరికీ వెళ్ళి, సేఫ్ మోడులో తెరిచి, అడిగిన చోట 48 అంకెల తాళం కొట్టి, ఆ ఫైలు తియ్యాల్సి వచ్చింది. ఆ శనాదివారాలు ప్రపంచమంతటా ఆ పని చేసినవాళ్ళందరూ, పార్టీల్లో "ఓహో, సపోర్టా..." అనిపించుకునేవాళ్ళే.

సరే, సమయం అవుతోంది. మీకు ఇంటిపని ఇచ్చి ముగిస్తాను. మూడే మూడు.

మొదటిది. ఇవాళ సాయంత్రం మీ పిల్లల చిన్ననాటి ఫోటో ఒకటి, ఐదేళ్ళ కిందటిది, ఫోనులో కాకుండా మీ బ్యాకప్ లోంచి తెచ్చి చూడండి. దొరికితే సంతోషం. దొరక్కపోతే ఇవాళే తెలిసినందుకు ఇంకా సంతోషం. ఫోను నుంచి క్లౌడుకి తనంతట తాను వెళ్ళేది బ్యాకప్ అనుకోకండి. చాలా ఏర్పాట్లలో ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. ఆపిల్ వాళ్ళు చెరిపిన ఫోటోని సుమారు 30 రోజులు, గూగుల్ వాళ్ళు బ్యాకప్ అయినదాన్ని 60 రోజులు బుట్టలో ఉంచుతారు, ఆ తరవాత లేదు. మూడు నకళ్ళు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. ఇది మా వృత్తిలో పాత సూత్రం.

రెండోది, వ్యాపారాలు చేసేవాళ్ళకి. "మా బ్యాంకు ఖాతా మారింది, ఇక నుంచి డబ్బు ఇక్కడికి పంపండి" అని తెలిసినవాళ్ళ పేరుతో ఈ-మెయిలు వస్తే, ఆ మెయిల్లో ఉన్న నంబరుకి కాదు, మీ దగ్గర పాతగా ఉన్న నంబరుకి ఫోను చేసి కనుక్కోండి. ఇలాంటి మెయిళ్ళ మోసాల వల్ల 2023లో పోయిన సొమ్ము, ఎఫ్.బి.ఐ.కి అందిన ఫిర్యాదుల ప్రకారమే, 290 కోట్ల డాలర్లకి పైన. ఒక్క ఫోను కాలుతో పోయేది.

మూడోది కొంచెం కష్టమైనది. మన ఇళ్ళల్లో చాలాచోట్ల బ్యాంకు, కరెంటు బిల్లు, ఇన్సూరెన్సు, ఫోటోలు, అన్నిటి పాస్‌వర్డులూ ఒక్కరి తలలోనే ఉంటాయి. ఆ ఒక్కరికీ ఏదైనా అయితే? దేశం కాని దేశంలో, దుఃఖంలో, మిగిలిన మనిషి సంస్థల చుట్టూ తిరగాలి. గూగుల్‌లో 2013 నుంచి, ఆపిల్‌లో 2021 నుంచి, మన తరవాత మన ఖాతా ఎవరు తెరవచ్చో ముందే రాసిపెట్టే ఏర్పాటుంది. అది పెట్టండి. పెట్టాక, మీ ఆవిడనో మీ ఆయన్నో పక్కన కూర్చోబెట్టుకుని, "నేను లేననుకుని ఈ బిల్లు కట్టి చూపించు" అనండి. అశుభం పలకడమేమిటి అంటారు. అననివ్వండి. ఉప్పు చూడడం అశుభం కాదు.

మా అమ్మ 2019లో పోయింది. ఆవిడ జాడీ ఒకటి ఇక్కడ మా వంటింట్లో ఉంది. ప్రతి ఏడూ మేలో, ఇక్కడి మామిడికాయలతో మా ఆవిడ ఆవకాయ పెడుతుంది. మూడో రోజు మూత తీసే పని మాత్రం నాది.

వచ్చే ఆదివారం ఇదే సమయానికి ఈ కార్యక్రమంలో వేరొకరు మీతో మాట్లాడతారు. అంతవరకూ సెలవు.